జరగని మీటింగ్‌కు సంతకం పెట్టాలా?

ప్రశ్న: మాది ఉదయగిరి దగ్గర పల్లె. పాప మండల పరిషత్ బడిలో నాలుగో తరగతి. నన్ను పేరెంట్స్ కమిటీకి ఎన్నుకున్నారు. మీటింగులు పెట్టరు. ఆయమ్మ చేత తీర్మానాల పుస్తకం ఇంటికి పంపి సంతకం పెట్టమంటారు. వాటర్ ప్లాంటు చెడిపోయి పిల్లలు బోరు నీళ్లే తాగుతున్నారు. గ్రాంటు సంగతి అడిగితే హెడ్‌మాస్టరు గారు "ఐదో తరగతి చదివావు, నీకెందుకమ్మా లెక్కలు" అన్నారు. ఎదురు మాట్లాడితే పాపను ఇబ్బంది పెడతారేమోనని టెన్షన్. ఆయన్ని మార్పించే అధికారం కమిటీకి ఉందా?
- ఒక తల్లి

జవాబు: ముందుగా, సంతకం పెట్టకండమ్మా. ఆ పుస్తకంలో మీ సంతకం ఉందంటే ఆ రోజు మీటింగ్ జరిగినట్టు, మీరు వచ్చినట్టు, ఆ ఖర్చుకు ఒప్పుకున్నట్టు. రేపు ఆడిట్‌లో అడిగితే "చదవకుండా పెట్టాను" అనే మాట మిమ్మల్ని కాపాడదు. ఈసారి పుస్తకం వస్తే "మీటింగ్ పెట్టండి సార్, వచ్చి చదివి పెడతాను" అని కబురు చేసి వెనక్కి పంపండి. ఇదివరకు పెట్టిన సంతకాల గురించి భయపడి ఊరుకోవద్దు. అవి ఇంటి దగ్గర తీసుకున్నవని ఎంత త్వరగా రాసిస్తే మీకు అంత మంచిది.

మీరు ఆ కమిటీలో ఉన్నది ఎవరి దయవల్లా కాదు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం సభ్యుల్లో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి, సగం మంది మహిళలు కావాలి. చైర్మన్ కూడా తల్లిదండ్రుల్లోంచే. హెడ్‌మాస్టరు మెంబర్ కన్వీనర్, అంటే మీటింగ్ పిలిచి మినిట్స్ రాయించే బాధ్యత ఆయనది. సభ్యురాలు ఇంత చదవాలని ఆ చట్టంలో ఎక్కడా లేదు. మీ పక్కనే కలిగిరి మండలం దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లే సారా అంగడిని మూయించారు. 1992లో రాష్ట్రమంతా పాకిన ఉద్యమానికి అక్కడే బీజం పడింది. అలాంటి నేల మీద ఒక తల్లితో ఆ మాట అనడం నాకు నిజంగా బాధ కలిగించింది.

ఇక లెక్కలు. ప్రభుత్వం నుంచి వచ్చినా, దాత ఇచ్చినా, బడికి వచ్చిన డబ్బు ఎలా ఖర్చవుతోందో చూడటం అదే 21వ సెక్షన్ కమిటీకి అప్పగించిన పని. బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం మార్గదర్శకాల్లో 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 25,000 రూపాయల కాంపోజిట్ గ్రాంటు, అంటే బడి నిర్వహణ ఖర్చులకు ఇచ్చే డబ్బు, ఉంది. అందులో కనీసం 10 శాతం శుభ్రతకే వాడాలి. ఎంత వచ్చింది, దేనికి పోయింది, బిల్లు ఏది అని మీటింగ్‌లో అడగండి. చూపకపోతే తీర్మానాల పుస్తకం, బిల్లుల నకళ్ల కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకైతే దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు.

నీళ్ల విషయం మాత్రం లెక్కలు తేలేదాకా ఆపొద్దు. ఉదయగిరి, వరికుంటపాడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ బెడద ఎంతటిదో మీకు నేను చెప్పక్కర్లేదు. పళ్ల మీద గార చూస్తూనే ఉంటారు. ఒకసారి పట్టిన గార కడిగితే పోదు. ఆ నీళ్లు పరీక్ష చేయించాలని, ప్లాంటు రిపేరు అయ్యేదాకా మంచినీళ్ల క్యాన్లు తెప్పించాలని ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి. బడి అభివృద్ధి ప్రణాళికలో ప్లాంటు నిర్వహణ ఖర్చు కూడా రాయించండి. ఆ ప్రణాళిక తయారుచేసేది కమిటీయే, దాని ఆధారంగానే గ్రాంట్లు ఇవ్వాలని విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ చెబుతోంది. తల్లులు చాలామంది వదిలేసే అధికారం ఇదే.

హెడ్‌మాస్టరును మార్చే అధికారం కమిటీకి లేదు. బదిలీ, క్రమశిక్షణ చర్య శాఖ చేతిలో ఉంటాయి. మీరు ఫిర్యాదు చేయొచ్చు, అంతే. అది కూడా మనిషి మీద కాకుండా పని మీద రాయండి: ఫలానా తేదీన మీటింగ్ లేదు, ఫలానా బిల్లు చూపలేదు అని. టీచర్లు మీకు శత్రువులు కారు. వాళ్లకూ కమిటీలో చోటుంది. ఒకరిద్దరే ఉన్న బడిలో పాఠం, భోజనం, యాప్‌లో ఫొటోలు అన్నీ వాళ్ల నెత్తినే. ఎన్నికల డ్యూటీకో జనాభా లెక్కలకో వెళ్తే దాన్ని గైర్హాజరుగా చూడకండి. అయితే తల్లిదండ్రులను పిలిచి పిల్లల హాజరు, చదువు గురించి చెప్పడం 24వ సెక్షన్ కింద వాళ్ల విధి. అది అడగడానికి మొహమాటం వద్దు.

పాప గురించి భయపడకండి. కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా 17వ సెక్షన్ నిషేధించింది.

అర్జీ ఒక్కరే ఇవ్వకండి. నలుగురైదుగురు సభ్యులు కలిసి మీటింగ్ పెట్టమని హెడ్‌మాస్టరుకు రాసి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. కదలిక లేకపోతే అదే కాగితం జతచేసి ఎంఈఓ (మండల విద్యాధికారి)కు, మండల పరిషత్‌కు ఇవ్వండి. 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థ మూడు నెలల్లో తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు ఉంది. అర్జీ రాసేందుకు సాయం కావాలంటే నెల్లూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో పని లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం ఇస్తారు.