సముద్రతీరం బొమ్మలో నీడలకి ఏ రంగు వేయాలి?

ఇసుక మీద పడవ నీడ ఎన్నిసార్లు వేసినా మసి పూసినట్టే వస్తోందని, బొమ్మలో ఎండ కనిపించడం లేదని మీరు అడిగారు. నాకూ చాలాకాలం ఇదే బాధ ఉండేది. నేను వాటర్‌కలర్ వేస్తాను, ఎక్కువగా భీమిలి వైపు. మొదట్లో ఇసుక రంగులోనే కాస్త నలుపు కలిపి నీడ అనుకునేదాన్ని.

ఒక పొద్దున పడవ పక్కన కూర్చుని తెల్ల కాగితాన్ని సగం ఎండలో, సగం నీడలో పడేలా పట్టుకున్నాను. నీడలో ఉన్న సగం నీలంగా ఉంది! అక్కడికి సూర్యుడి వెలుగు రాకపోయినా ఆకాశం వెలుగు వస్తూనే ఉంటుంది కదా. అప్పటి నుంచి నలుపు ట్యూబు పక్కన పెట్టేశాను. అల్ట్రామెరీన్ బ్లూలో కొంచెం బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) కలిపి పల్చగా ఒక్కసారే వేస్తాను, మళ్లీ బ్రష్ పెట్టను. పడవ అడుగున మాత్రం ఎండలో ఉన్న ఇసుక వెలుగు పైకి కొడుతుంది, అక్కడ నీలం తగ్గించాలి.

అలాగని ప్రతి నీడా నీలం కాదు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఇరుకు గండిలో నీలం వేసి బొమ్మంతా పాడు చేసుకున్నాను. అక్కడ ఎదుటి ఎర్రగోడ మీద పడ్డ ఎండే నీడలోకి తిరిగి వస్తుంది, అందుకే ఆ నీడ ముదురు ఎరుపు. ఆకాశం వైపు తిరిగిన అంచుల్లోనే కాస్త నీలం కనిపిస్తుంది.

తడి ఇసుక దగ్గర ఇంకో జాగ్రత్త. నీడ సూర్యుడికి ఎదురు దిక్కుకి పోతుంది. ప్రతిబింబం ఎప్పుడూ నిలువుగా మన వైపే దిగుతుంది. రెండింటినీ ఒకే వాలుగా వేస్తే నేల ఒరిగిపోయినట్టు ఉంటుంది.

టైమ్ కూడా చూసుకోండి. మన తీరంలో సూర్యుడు సముద్రం మీంచి లేస్తాడు. పొద్దున్నే సముద్రం వైపు తిరిగి కూర్చుంటే పడవలు నల్లగా, వాటి నీడలు మన కాళ్ల దాకా వస్తాయి. సాయంత్రం వెలుగు మన వెనక నుంచి పడుతుంది. స్పెయిన్‌లో వలెన్సియా తీరం కూడా తూర్పు ముఖమే. అక్కడ పుట్టిన హొవాకిన్ సొరోయా (1863–1923) బీచ్ బొమ్మలు వెతికి చూడండి, తెల్లబట్టల మీద నీడలు ఊదా, నీలం రంగుల్లో ఎలా వెలుగుతున్నాయో తెలుస్తుంది. నాకు వాటిని మించిన పాఠం దొరకలేదు.

సూర్యుడు గంటకి 15 డిగ్రీలు కదులుతాడు. అందుకే కూర్చున్న ఐదు నిమిషాల్లోనే నీడల అంచులు పెన్సిల్‌తో గీసి, పక్కన టైమ్ రాసుకుంటాను. తర్వాత నీడ జరిగినా నేను జరపను.

ఈసారి బొమ్మ ఫొటో పెట్టండి, ఎన్ని గంటలకి, ఏ వైపు తిరిగి వేశారో కూడా రాయండి. నీడ ఎక్కడ తేడా వచ్చిందో అప్పుడు చెప్పగలను.