కొత్త శ్రోతకు ఏ ఆల్బమ్ ఇవ్వాలి: మేనకోడలికి ఒక లేఖ

జయనగర్, బెంగళూరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులతో వ్రాయునది.

1970ల చివర పంక్ రాక్ వెనుకనే వచ్చిన పోస్ట్-పంక్ సంగీతం అంటే ఏమిటి, ఎక్కడ మొదలుపెట్టాలి అని నీ ఆఫీసు మిత్రులు, పీజీలో నీతో ఉండే అమ్మాయిలు అడుగుతున్నారని, వారందరికీ పంపడానికి ముప్పై ఆల్బమ్‌ల పట్టిక ఒకటి తయారు చేశానని, దానిని చూసి సలహా చెప్పమని రాశావు. పట్టిక చూశాను. అందులో తీసివేయవలసిన ఆల్బమ్ ఒక్కటీ లేదు, అయినా దానిని ఎవరికీ పంపవద్దనే నా సలహా. ముప్పై పేర్లు ఒకేసారి చేతికి వచ్చినవారు ఒక్కొక్క ఆల్బమ్‌లో మొదటి పాట సగం విని, అన్నీ ఒకేలా ఉన్నాయని తేల్చేసి, తమ పాత పాటల దగ్గరికి వెళ్ళిపోతారు. ఒక మనిషికి ఒక్క ఆల్బమ్ ఇవ్వు. అది ఏదన్నది ఆ మనిషి ఇప్పటికే ఇష్టపడి వింటున్నదాన్ని బట్టి తేల్చుకోవాలి తప్ప, మనకు ఏది అన్నిటికన్నా గొప్పగా తోస్తుందో దాన్ని బట్టి కాదు.

ఆల్బమ్ సంగతికి ముందు చెవి సంగతి చెప్పాలి. సినిమా పాటల మధ్య పెరిగిన మనం పాటను గొంతు వెంట వింటాం. పల్లవి ఎత్తుగడ ఎలా ఉంది, చరణంలో గాయకుడు ఎంత పైకి వెళ్ళాడు, మాటలు ఎంత స్పష్టంగా పలికాడు అన్నవే మొదట పట్టించుకుంటాం. ఈ సంగీతంలో గొంతు తరచుగా ఒకే స్థాయిలో, సగం మాట్లాడుతున్నట్లుగా సాగుతుంది. అసలు బాణీ చాలాసార్లు బేస్ గిటార్ దగ్గర ఉంటుంది. ఈ మాట ముందే చెప్పకపోతే కొత్త శ్రోత "ఇతనికి పాడటం రాదు" అనుకుని మూడో నిమిషంలో ఆపేస్తాడు. కాబట్టి ఆల్బమ్‌తో పాటు ఒక్క వాక్యం రాసి పంపు: మొదటిసారి గాయకుణ్ణి పట్టించుకోకండి, బేస్ వెంట వెళ్ళండి. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ తాళానికి తోడుగా మాత్రమే ఉండిపోకుండా తన దారిన తాను మరో బాణీ కట్టుకుంటూ పోవడం గమనించిన వారికి ఇది కొత్త విద్య కాదు. జాయ్ డివిజన్ బృందంలో బేస్ వాయించిన పీటర్ హుక్ పై స్వరాలకు ఎందుకు అలవాటు పడ్డాడన్నదానికి కారణం చాలా మామూలుది. అదే బృందపు గిటారిస్టు బెర్నార్డ్ సమ్నర్ వాయించే హోరులో, తన నాసిరకం ఆంప్లిఫయర్‌లో, కింది స్వరాలు తనకే వినిపించేవి కావని ఆయనే చెప్పుకున్నాడు.

ఇదే కారణంగా ఫోన్ స్పీకర్‌లో వినవద్దని గట్టిగా చెప్పు. అందులో బేస్ దాదాపుగా మాయమవుతుంది, మిగిలేది గిటార్ కీచు, అర్థంకాని ఇంగ్లీషు యాస. ఖరీదైనవేమీ అక్కర్లేదు, చెవిలో సరిగా ఇమిడే మామూలు ఇయర్‌ఫోన్లు చాలు.

చరిత్ర అడిగితే రెండు ముక్కల్లో చెప్పి ఊరుకో. పంక్ బృందం సెక్స్ పిస్టల్స్ 1976 జూన్ 4న మాంచెస్టర్‌లో ఇచ్చిన కచేరీకి వెళ్ళినవారిలో హుక్, సమ్నర్ ఉన్నారు, ఆ తరువాతనే వారు బృందం కట్టారు. 1978 జనవరిలో పిస్టల్స్ విడిపోయే నాటికి పంక్ ఆవేశం అలాగే ఉంది కానీ మూడు స్వరకూటములతో గట్టిగా వాయించడం చాలామందికి విసుగు పుట్టించింది. జమైకా డబ్ సంగీతం, జర్మన్ ప్రయోగ సంగీతం, డిస్కో, సింథసైజర్, దేన్ని పడితే దాన్ని లోపలికి తెచ్చుకున్నారు, అదే పోస్ట్-పంక్ అయింది. అంతకు మించి వంశవృక్షాలు చెప్పావంటే వినేవారు పాఠం మొదలైందనుకుంటారు.

ఇక అందరూ మొదట అడిగే ఆల్బమ్, జాయ్ డివిజన్ వారి అన్‌నోన్ ప్లెజర్స్. తెల్లటి అలల గీతలున్న దాని నల్లటి అట్టను అచ్చువేసిన టీ-షర్టు మన కమర్షియల్ స్ట్రీట్‌లో తిరిగే పిల్లలు ఎందరో వేసుకుంటారు, వారిలో చాలామంది ఆ ఆల్బమ్ విని ఉండరు. వారిని చూసి నవ్వవద్దు. అంతకన్నా మంచి సందు నీకు దొరకదు. ఆ గీతలు 1967లో జోస్లిన్ బెల్ కనుగొన్న మొట్టమొదటి పల్సార్ (క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే నక్షత్రం) నుంచి వచ్చినవని, ఒక ఖగోళశాస్త్ర విజ్ఞానసర్వస్వంలోని చిత్రాన్ని డిజైనర్ పీటర్ సావిల్ రంగులు తలకిందులు చేసి అట్టగా మలిచాడని చెప్పు. ఇంజనీరింగ్ చదివినవారు దీనికి పడిపోతారు.

1979 ఏప్రిల్‌లో స్టాక్‌పోర్ట్‌లోని స్ట్రాబెరీ స్టూడియోలో రికార్డు చేసిన ఆ ఆల్బమ్‌ను మార్టిన్ హానెట్ నిర్మించాడు. అతను డ్రమ్స్ శబ్దాన్ని విడదీసి, డిజిటల్ డిలే యంత్రం గుండా పంపి, ఒక్కొక్క దెబ్బ చుట్టూ ఖాళీ స్థలం మిగిలేలా అమర్చాడు. గాజు పగిలే చప్పుడు, లిఫ్టు చప్పుడు కూడా పాటల్లో చేర్చాడు. వేదిక మీద తాము వాయించే ఉధృతి ఇందులో లేదని హుక్‌కూ సమ్నర్‌కూ అప్పట్లో నచ్చలేదు. నా మట్టుకు నాకు హానెట్ చేసినదే సరి అనిపిస్తుంది, ఎందుకంటే ఆ ఉధృతి మాత్రమే ఉండి ఉంటే అది ఆ సంవత్సరపు రికార్డుగా మిగిలేది. నిడివి 39 నిమిషాలు. వైట్‌ఫీల్డ్‌లో మెట్రో ఎక్కిన మనిషి మెజెస్టిక్ చేరే లోపల ఆల్బమ్ మొత్తం అయిపోతుంది. ఐదేసి పాటల రెండు వైపులకు లోపల, వెలుపల అనే అర్థం వచ్చే పేర్లు పెట్టారు. మొదటి రోజు ఐదు పాటలే విని ఆపమన్నా నష్టం లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. జాయ్ డివిజన్ గాయకుడు ఇయాన్ కర్టిస్ మరణాన్ని చూపించి ఈ సంగీతాన్ని అమ్మవద్దు. మూర్ఛరోగంతోనూ, మానసికంగా కుంగిపోయీ బాధపడిన ఆ గాయకుడు 23 ఏళ్ళ వయసులో, అమెరికా పర్యటనకు బయలుదేరవలసిన సమయంలో, 1980 మే 18న ఆత్మహత్య చేసుకున్నాడు. రెండో ఆల్బమ్ క్లోజర్ ఆ జూలైలో వచ్చింది. ఈ విషయం ముందే చెబితే వినేవారు ప్రతి మాటలోనూ శకునాలు వెతుకుతారు, సంగీతం వినరు. రెండు మూడు సార్లు విన్న తరువాత వారే అడుగుతారు, అప్పుడు ఉన్నది ఉన్నట్లు చెప్పు. ఇంకొకటి: ఉద్యోగం పోయో, సంబంధం తెగిపోయో, నిద్ర పట్టక గదిలో ఒంటరిగా కూర్చున్న స్నేహితురాలికి క్లోజర్ పంపడం సలహా అనిపించుకోదు. ఆమెతో మాట్లాడు, లేదా 14416కు ఫోన్ చేయించు. అది టెలీ మానస్ సహాయ సంఖ్య, దానికి మన నిమ్హాన్సే ప్రధాన కేంద్రం. పాటలకు తరువాత చాలా సమయం ఉంటుంది.

బాణీ కోసం వినేవారికి జాయ్ డివిజన్ కన్నా ద క్యూర్ బృందం 1989లో తెచ్చిన డిసింటిగ్రేషన్ ముందు ఇవ్వాలి. చీకటి అనగానే నిరాశ అని భయపడేవారికి కూడా ఇదే మందు. పాటల ముందు వచ్చే వాద్యభాగం ఒక్కోచోట రెండు నిమిషాలకు పైగా సాగుతుంది, గొంతు కోసం ఎదురుచూస్తూ ఉండగానే మనం ఆ వాతావరణంలోకి వెళ్ళిపోయి ఉంటాం. అందులోని లవ్‌సాంగ్ ఆ బృందం గాయకుడు రాబర్ట్ స్మిత్ తన భార్యకు పెళ్ళి కానుకగా రాసినది, అమెరికా జాబితాలో రెండో స్థానం దాకా వెళ్ళింది. ఇంత దిగులుగా వినిపించే ఆల్బమ్ నడుమ అంత సూటి ప్రేమ పాట ఉండటం చూస్తే కొత్తవారి అనుమానాలు చాలావరకు తీరిపోతాయి. అదే బృందానిదే కదా అని 1982 నాటి పోర్నోగ్రఫీ మాత్రం మొదట ఇవ్వకు. అది మంచి ఆల్బమ్, కానీ ఎక్కడా కిటికీ తెరవదు. పైగా ఆ పేరు ఆఫీసు గ్రూపులో కనబడితే నీకు లేనిపోని తంటా.

మన ఊరిలో మెటల్ అభిమానులకు కొదవ లేదు. 2007లో ఐరన్ మెయిడెన్‌కూ, 2011లో మెటాలికాకూ ప్యాలెస్ గ్రౌండ్స్ నిండిపోయిన నగరం ఇది. అలాంటివారికి దిగులు కన్నా బరువు ముఖ్యం, కాబట్టి కిల్లింగ్ జోక్ 1980లో తమ పేరుతోనే తెచ్చిన ఆల్బమ్ ఇవ్వు. అందులోని ద వెయిట్ పాటను మెటాలికా 1987లో మళ్ళీ వాయించిందన్న ఒక్క ముక్క చాలు, మిగతాది వారే చూసుకుంటారు. గిటార్ పనితనం కోరేవారికి సూక్సీ అండ్ ద బాన్షీస్ వారి జుజు, 1981. వారి గిటారిస్టు జాన్ మెక్‌గియోక్ వేళ్ళు అందులో ఊరికే ఉండవు.

కోల్డ్‌ప్లే వినే అమ్మాయి ఉందని రాశావు కదా, ఆమెకు లివర్‌పూల్ బృందం ఎకో అండ్ ద బన్నీమెన్ 1984లో తెచ్చిన ఓషన్ రెయిన్ సరిపోతుంది. వాద్యబృందం తోడుగా ఉన్న ఆ ఆల్బమ్ చీకటిగా ఉన్నా విశాలంగా ఉంటుంది. సంగీతం నేర్చుకున్న ఇంటి పిల్ల ఎవరైనా ఉంటే అదే బృందం 1983లో తెచ్చిన పోర్కుపైన్ ఇచ్చి, అందులో ద కటర్ అనే పాటలో వినిపించే తంత్రీవాద్యం ఎవరిదో కనుక్కోమను. అది మద్రాసులో పుట్టిన కర్ణాటక వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్‌ది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మన వాళ్ళ ముఖంలో పరాయితనం పోవడం చూస్తుంటాను.

పుట్టిన తేదీ చూసి పాతదంటూ తోసేసేవారికి ఇంటర్‌పోల్ 2002లో న్యూయార్క్ నుంచి తెచ్చిన టర్న్ ఆన్ ద బ్రైట్ లైట్స్, ఇంకా కొత్తది కావాలంటే డబ్లిన్ బృందం ఫాంటెయిన్స్ డి.సి. 2022లో తెచ్చిన స్కింటీ ఫియా. నాట్యం చేయించే పాటలైతే తప్ప విననివారికి, కర్టిస్ పోయాక మిగిలినవారు న్యూ ఆర్డర్‌గా మారి 1983లో చేసిన పవర్, కరప్షన్ అండ్ లైస్. ఇంగ్లీషు మాటలు అందడం లేదని వెనకాడేవారికి మిన్స్క్ నగరపు మొల్చాత్ దోమా 2018లో తెచ్చిన ఎతాజీ ఇచ్చి చూడు. అది రష్యన్ భాషలో ఉంటుంది, కనుక ఎవరికీ అందదు, అందరూ సమానమే.

పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్ వారి మెటల్ బాక్స్ నీకు ప్రాణమని తెలుసు. 1979లో మూడు రికార్డులను సినిమా రీళ్ళు పెట్టే రేకు డబ్బాలాంటి దానిలో పెట్టి అమ్మారు, బయటికి తీయడమే కష్టం. ఆ సంగీతం కూడా అంతే, లోపలికి వెళ్ళడం కష్టం. దానిని అడిగినవారికే ఇవ్వు.

ఆల్బమ్ పంపేటప్పుడు డీలక్స్ ప్రతుల లంకె పంపవద్దు. అసలు పాటలు అయిపోయాక కచేరీ రికార్డింగులు, నమూనా పాటలు వరుసగా వస్తూ ఉంటే ఆల్బమ్ ఎక్కడ ముగిసిందో కొత్తవారికి తెలియదు. షఫుల్ ఆపమని కూడా చెప్పు. పంపిన తరువాత వారం రోజులు ఏమీ అడగకు. నచ్చలేదని చెబితే ఎందుకు నచ్చలేదో మాత్రం అడుగు, వాదించకు. "గొంతు బాగాలేదు" అంటే బన్నీమెన్ వైపు, "నీరసంగా ఉంది" అంటే కిల్లింగ్ జోక్ వైపు మళ్ళించవచ్చు. "ఏమీ అనిపించలేదు" అంటే ఆ మనిషికి ఈ సంగీతం అక్కర్లేదు, స్నేహం అలాగే ఉంటుంది.

చివరగా, మీ టీమ్ లీడరు పుట్టినరోజుకు డిసింటిగ్రేషన్ ఎల్పీ కొనాలన్నావు. 1989లో వచ్చిన ఒకే డిస్కు ఎల్పీలో చోటు చాలక లాస్ట్ డాన్స్, హోమ్‌సిక్ అనే రెండు పాటలు వదిలేశారు. 2010 తరువాతి రెండు డిస్కుల ప్రతిలో 12 పాటలూ ఉంటాయి. డబ్బు కట్టే ముందు అట్ట వెనుక పాటలు లెక్కపెట్టు, ఆమె దగ్గర రికార్డు ప్లేయర్ ఉందో లేదో కూడా కనుక్కో.

ఇట్లు,
మామయ్య