థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక మామూలుగా బతకొచ్చా? డాక్టర్లు ముందుగా చెప్పని విషయాలేమైనా ఉంటాయా?

మామూలుగానే బతకొచ్చండి, ఆ భయం పెట్టుకోకండి. నాది పాపిల్లరీ రకం, ఎక్కువమందికి వచ్చేది అదే. గ్రంథి మొత్తం తీసేశారు, తర్వాత రేడియో అయోడిన్ (మిగిలిపోయిన థైరాయిడ్ కణాల్ని చంపే రేడియోధార్మిక మందు) ఇచ్చారు, ఇప్పుడు రోజూ బడికి వెళ్ళి పాఠాలు చెబుతున్నాను. కానీ మీరు అడిగిన రెండో మాట కోసమే ఇది రాస్తున్నాను. చెప్పని విషయాలు చాలా ఉన్నాయి. ఆపరేషన్ బ్రహ్మాండంగా చేస్తారు, ఇంటికి పంపేటప్పుడు మాత్రం చేతిలో ఇంగ్లీషు కాగితం పెట్టి ఊరుకుంటారు.

నన్ను డిశ్చార్జ్ చేసిన రోజు రాత్రి పెదాల చుట్టూ, వేళ్ళ చివర్లలో తిమ్మిరి మొదలైంది. మా ఆయన ఆసుపత్రికి ఫోన్ చేస్తే డ్యూటీ డాక్టర్ "ఆపరేషన్ తర్వాత టెన్షన్ మామూలే, పడుకోమనండి" అని పెట్టేశాడు. తెల్లవారుజాముకి చేతులు బిగుసుకుపోతున్నాయి, మా అత్తయ్య పక్షవాతమేమో అని ఒకటే ఏడుపు. ఆటోలో మా వీధి చివరి నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళారు. అక్కడ ఒక పెద్దావిడ, సిస్టర్, నా మెడ మీద కట్టు చూడగానే ఏ ఆపరేషన్ అని అడిగి, చేతికి బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టి కాసేపు అలాగే ఉంచింది. చూస్తుండగానే నా మణికట్టు వంగిపోయి, ముగ్గుపిండి పట్టుకున్నట్టు వేళ్ళన్నీ ఒకచోటికి వచ్చేశాయి. "కాల్షియం పడిపోయిందమ్మా, సూదిమందు పడితే సర్దుకుంటుంది" అని డాక్టర్‌ని లేపుకొచ్చింది. ఈసీజీ మిషన్ పెట్టి, కాల్షియం గ్లూకోనేట్ నరంలోకి మెల్లగా ఎక్కించారు. ఎక్కుతుండగానే పట్టు సడలింది. ఆవిడకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

ఇందులో వింతేమీ లేదండి. థైరాయిడ్ వెనకాల నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి, ఒంట్లో కాల్షియం సంగతి చూసేవి అవే. ఆపరేషన్‌లో వాటికి రక్తం సరిగ్గా అందకపోతే అవి కొన్నాళ్ళు పనిచేయవు, చాలామందిలో మళ్ళీ కోలుకుంటాయి, కొద్దిమందికి మాత్రం జీవితాంతం కాల్షియం బిళ్ళలు తప్పవు. కాల్షియం బాగా పడిపోయేది రెండో రోజో మూడో రోజో, సరిగ్గా మనల్ని ఇంటికి పంపించే సమయానికి! ఆ ఒక్క ముక్క తెలుగులో రాసిస్తే అర్ధరాత్రి పరుగులు సగానికి సగం తగ్గిపోతాయని నేను గట్టిగా చెప్పగలను.

రేడియో అయోడిన్ గురించి కూడా అంతే. ఒంటరి గదిలో ఉండాలని అందరూ భయపెడతారు గానీ, నాకు ఆ గది ఏమంత కష్టం కాలేదు. దానికి ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్) పెరగాలని కొన్ని వారాలు థైరాక్సిన్, అంటే తీసేసిన గ్రంథికి బదులు రోజూ వేసుకునే హార్మోన్ బిళ్ళ, ఆపేస్తారు చూడండి, అదీ నరకం. చలి, ముఖం ఉబ్బరం, మలబద్ధకం, నల్లబల్ల మీద రాస్తూ రాస్తూ ఏం రాస్తున్నానో మర్చిపోవడం. ఇంటికొచ్చిన చుట్టాలేమో "పైకి బాగానే ఉన్నావుగా" అంటారు. పైగా అప్పుడు అయోడిన్ లేని తిండే తినాలంటూ, తినకూడనివి ఇవీ అని ఇచ్చిన పట్టికలో చీజ్, బ్రెడ్, సముద్రపు నాచు ఉన్నాయి, మా ఇంట్లో ఎవరు తింటారండీ సముద్రపు నాచు? పెరుగు సంగతి, ఊరగాయ సంగతి అడిగితే చెప్పే నాథుడు లేడు. వంటకి అమ్మే ఉప్పులో అయోడిన్ కలపాలని మన దేశంలో చట్టమే ఉంది, ఇక కలపని ఉప్పు కిరాణా కొట్టులో ఎలా దొరుకుతుంది? అదెక్కడ దొరుకుతుందో ఆసుపత్రి వాళ్ళే చెప్పాలి కదా.

మందుల షాపు వాళ్ళ మీద కూడా నాకు కోపమే. థైరాక్సిన్ ఒక కంపెనీది అయిపోతే అడగకుండా ఇంకోటి చేతిలో పెడతారు. కంపెనీ మారితే మళ్ళీ టీఎస్‌హెచ్ చూపించుకోవాలని ఒక్కరూ చెప్పరు.

మీ ఆపరేషన్ ఇంకా కాకపోయి ఉంటే, డిశ్చార్జ్ రోజు కాల్షియం ఎంతుందో అడిగి కాగితం మీద రాయించుకోండి. థైరాక్సిన్‌కీ కాల్షియం బిళ్ళకీ నాలుగు గంటల ఎడం ఉండాలి, పరగడుపున థైరాక్సిన్ వేసుకుని కనీసం అరగంట ఆగాకే కాఫీ తాగండి. పెదాల దగ్గర తిమ్మిరి మొదలైతే, ఫోన్లో ఎవరు టెన్షన్ అన్నా సరే ఆగొద్దు, దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అక్కడికి వెళ్ళి, థైరాయిడ్ తీసేశారు, కాల్షియం చూడండి అని చెప్పండి.