కోణం గుర్తులో ఒక చిన్న చాపం

ప్రియమైన తమ్ముడికి,

నీ రేఖాగణితం వ్యాసం చదివాను. వివరణ బాగుంది. కోణం గుర్తుల దగ్గరే కాస్త ఆగాల్సి వచ్చింది. ఒకచోట ∠, ఇంకోచోట ∡, రెండు పేరాల తర్వాత ∢. మూడూ అందంగా ఉన్నాయని మార్చి మార్చి వాడినట్టున్నావు.

అవి మూడు వేర్వేరు గుర్తులు. ఉత్త ∠ అంటే కోణం, అంటే ఆ ఆకారం. మధ్యలో చిన్న చాపం గీసిన ∡ ఆ కోణం కొలతను చెబుతుంది. రెండు కోణాలు సర్వసమానం అనడం ఆకారాల గురించిన మాట. వాటి కొలతలు సమానం అనడం సంఖ్యల గురించిన మాట. చాలామంది ∠ ఒక్కదానితోనే రెండు పనులూ కానిచ్చేస్తారు, తప్పేం లేదు. కానీ ∡ని ఒకసారి తెచ్చావంటే చివరిదాకా ఆ తేడా పాటించాలి. లేకపోతే పాఠకుడు లేని అర్థం వెతుక్కుంటాడు.

∢ గోళం మీది కోణానికి. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖకు, 90 డిగ్రీల ఎడంతో రెండు రేఖాంశాలు దించి చూడు. ఆ త్రిభుజంలో మూడూ లంబకోణాలే, మొత్తం 270 డిగ్రీలు. నీది సమతలం మీది వ్యాసం, అక్కడ దీనికి పని లేదు. కొన్ని యూరప్ దేశాల్లో మామూలు కోణానికీ ఇదే రాస్తారు. అందుకే ఏ గుర్తు దేనికో మొదట్లోనే ఒక వాక్యంలో చెప్పెయ్.

కీబోర్డు మీద దొరకలేదని < మాత్రం పెట్టకు. ఇది పాత తగాదానే. కోణానికి గుర్తును ఫ్రెంచ్ గణితజ్ఞుడు పియర్ ఎరిగోన్ 1634లో అచ్చులో వాడాడు. అంతకు మూడేళ్ల ముందే, 1631లో వచ్చిన ఇంగ్లండ్ గణితజ్ఞుడు థామస్ హారియట్ పుస్తకంలో < ‘కంటే చిన్నది’కి గుర్తయి కూర్చుంది. ఆ తర్వాత కూడా కోణానికి < రాసినవాళ్లున్నారు. కాగితం మీదైతే అర్థం చేసుకునేవారేమో గానీ, బ్రౌజర్ ఊరుకోదు. నేనొకసారి < వెంటనే శీర్షాల ఇంగ్లిష్ అక్షరాలు టైప్ చేసి వెబ్ పేజీలో పెట్టాను. బ్రౌజర్ దాన్నేదో ట్యాగ్, అంటే పేజీ అమరికకు ఇచ్చే ఆదేశం అనుకుని పేరాలో మిగతాదంతా మింగేసింది. నిరూపణ సగంలో ఆగిపోయిందని ఒక పాఠకుడు రాసేదాకా నాకు తెలియనే లేదు. ఆ సిగ్గు ఇంకా పోలేదు!

కంప్యూటర్ల కోసం ప్రతి అక్షరానికీ, గుర్తుకీ ఒక నంబరిచ్చే యూనికోడ్‌లో ఈ మూడూ వరసగా ఉన్నాయి: 2220, 2221, 2222. గుర్తుపెట్టుకోవడం తేలికే. అయితే గుర్తుకు నంబరు ఉన్నంత మాత్రాన ప్రతి ఫాంటులో దాని బొమ్మ ఉండాలని లేదు. లేనిచోట ఖాళీ డబ్బా కనిపిస్తుంది. ∠ చాలాచోట్ల బతికి బయటపడుతుంది, మిగతా రెండింటి మీద నాకంత నమ్మకం లేదు. పంపేముందు పాత ఫోన్‌లో ఒకసారి తెరిచి చూడు. గణితాన్ని అచ్చుకు అమర్చే సాఫ్ట్‌వేర్ లేటెక్‌లో రాస్తే ఈ బాధ తక్కువ, కాకపోతే ∡, ∢లకు అదనపు ప్యాకేజీ పిలవాలి. గుర్తు మొదటిసారి వచ్చినచోట పక్కన ‘కోణం’ అని అక్షరాల్లో కూడా రాయి. తెరమీది పాఠాన్ని సాఫ్ట్‌వేర్ చదివిపెడితే వినేవాళ్లుంటారు. అది గుర్తును దాటేసినా మాట వినిపిస్తుంది.

అన్నట్టు, మూడో పేజీలో 30 పక్కన నువ్వు పెట్టింది డిగ్రీ గుర్తు కాదు, పైకెత్తిన సున్నా. కాపీ చేస్తే 300 అయిపోతుంది. అది మార్చి, ∢లు తీసేసి మళ్లీ పంపు. ఆదివారం చదువుతాను.

ఇట్లు,
నీ అన్నయ్య