పాత స్పోర్ట్స్ కారులో వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం పీకేస్తే పవర్ పెరుగుతుందా?

పెరగదు, మైలేజీ మాత్రం పడిపోతుంది, ఇంజన్ వేడి కూడా పెరగొచ్చు. యాక్సిలరేటర్ కొద్దిగానే తొక్కినప్పుడు సిలిండర్‌లోకి తక్కువ మిశ్రమం వెళ్తుంది, అది నిదానంగా మండుతుంది. అందుకే స్పార్క్ ఇంకాస్త ముందే పడాలి. దీన్నే వాక్యూమ్ అడ్వాన్స్ అంటారు. ఆ పని డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) పక్కనున్న చిన్న డబ్బాది: గొట్టం గుండా ఇంజన్ వాక్యూమ్ లాగితే లోపలి డయాఫ్రమ్ (పల్చటి పొర) కదిలి, స్పార్క్ ఎప్పుడు పడాలో నిర్ణయించే పాయింట్ల ప్లేటును తిప్పుతుంది. బెంగళూరు నుంచి మైసూరు వైపు పాత ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) నింపాదిగా పోతుంటే ఇది పనిలో ఉంటుంది; ఓవర్‌టేక్‌కి ఫుల్లుగా తొక్కగానే వాక్యూమ్ పడిపోయి, ఆ అడ్వాన్స్ పోతుంది. అంటే ఫుల్ పవర్‌కి ఇది అడ్డే కాదు.

రేస్ కార్లకు ఉండదు కదా అని చాలామంది తీసేస్తారు. అవి ఎక్కువసేపు ఫుల్ థ్రాటిల్‌లోనే పరిగెత్తుతాయి, మన రోడ్ల మీద కారు అలా నడవదు. పీకేముందు గొట్టాన్ని నోటితో పీల్చి చూడండి: ప్లేటు కదలకపోతే డయాఫ్రమ్ చిరిగి ఉండొచ్చు, లేదా ప్లేటే బిగుసుకుపోయి ఉండొచ్చు.