టక్ మంటే లాక్ పడినట్టేనా? ట్రైలర్ డ్రైవర్ల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: గురువుగారూ, తొమ్మిదేళ్ళు పన్నెండు టైర్ల లారీ తోలాను, రెండు నెలల నుంచి విశాఖ పోర్టులో కంటైనర్ ట్రైలర్ మీద చేస్తున్నా. బండిని రివర్స్‌లో ట్రైలర్ కిందకి పెట్టగానే టక్ మని సౌండ్ వస్తుంది కదా, వచ్చిందంటే లాక్ పడిపోయినట్టే, ఇక దిగక్కర్లేదు అంటాడు మా సీనియర్. నాకు మాత్రం ప్రతిసారీ డౌటే. క్లీనర్‌ని మధ్యలో నిలబెట్టి చూడమననా? - ఒక డ్రైవర్, గాజువాక

జవాబు: తమ్ముడూ, ఆ డౌటు పోగొట్టుకోకు. నేను కూడా ఒకప్పుడు ఆ సౌండ్‌నే నమ్మాను. రాత్రిపూట, వాన, గేటు మూసేస్తారన్న తొందర, టక్ మనగానే గాలి పైపులు తగిలించి, విప్పినప్పుడు ముందు భాగాన్ని మోసే ట్రైలర్ కాళ్ళు పైకెత్తేసి బయల్దేరాను, యార్డు మలుపు దగ్గర వెనకాల ధడేల్‌మంది, చూస్తే ట్రైలర్ ముక్కు నేలకి ఆనుకుని ఉంది, ఎయిర్ పైపులు తెగి బుస్సుమంటున్నాయి. ఎవరికీ ఏం కాలేదు గానీ ఆ రాత్రి క్రేన్ వచ్చేదాకా నా మొహం చూడాలి! జరిగింది ఏంటంటే ట్రైలర్ కాస్త ఎత్తుగా ఉండటంతో దాని అడుగున వేలాడే ఇనుప పిన్ను, అదే కింగ్ పిన్, బండి వెనక దాన్ని పట్టుకునే ఇనుప పళ్ళెం, అదే ఫిఫ్త్ వీల్, దవడల్లో పడకుండా పైన ఆనుకుంది, నేను విన్న టక్ ఖాళీ దవడలు మూసుకున్న చప్పుడు.

అందుకే కిందకి దూరే ముందే దిగి ఎత్తు చూసుకో. ట్రైలర్ అడుగు ప్లేటు ఫిఫ్త్ వీల్ కంటే ఒక పిసరు కిందకే ఉండాలి, బండి దూరుతుంటే ముక్కు కొంచెం పైకి లేవాలి, అప్పుడే బరువు సరిగ్గా కూర్చుంటుంది. మరీ కిందకుంటే బండి వెనక భాగం పోయి ట్రైలర్‌కి గుద్దుకుంటుంది, ఎత్తుంటే నా కథే. ఇంకోటి, యార్డులో ట్రైలర్లు మారుతుంటాయి కదా, కింగ్ పిన్‌లో 50 మిల్లీమీటర్లది ఉంది, హెవీ లోడ్లకి 90 మిల్లీమీటర్లది ఉంది, పెద్దదాని ఫిఫ్త్ వీల్‌కి చిన్న పిన్ను పెట్టి పట్టింది అనుకుంటే అంతే సంగతులు.

తగిలించాక ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, టార్చ్ పట్టుకుని కిందకి వంగు. ఫిఫ్త్ వీల్‌కీ ట్రైలర్ ప్లేటుకీ మధ్య సందు ఉండకూడదు, అవతలి వెలుతురు కనిపించిందంటే తప్పు పడ్డట్టే. తర్వాత వెనక వైపు నుంచి లోపలికి లైటు కొట్టు, గ్రీజు మధ్యలో దవడలు పిన్ను మెడ చుట్టూ మూసుకుని కనిపించాలి, తల దగ్గర కాదు మెడ దగ్గర. లాక్ హ్యాండిల్ పూర్తిగా లోపలికి పోయి ఉండాలి. అప్పుడు ట్రైలర్ బ్రేకులు పట్టించి, కాళ్ళు ఇంకా కిందే ఉంచి, లో గేర్‌లో మెల్లగా ముందుకి లాగి చూడు. లాగితే కదల్లేదు కదా అని చూడ్డం మానెయ్యకు, తప్పుగా కూర్చున్న పిన్ను కూడా ఒక్కోసారి ఆ చిన్న లాగుడికి ఆగుతుంది. రెండూ అయ్యాకే కాళ్ళు ఎత్తు, పూర్తిగా ఎత్తు, సగం ఎత్తి పోతే రైల్వే గేటు దగ్గర పట్టాలకి తగులుకుంటాయి.

క్లీనర్ మాత్రం మధ్యలో అస్సలు వద్దు. నీ అద్దంలో కనిపించే చోట పక్కకి నిలబడాలి, అద్దంలోంచి మాయమయ్యాడంటే ఉన్నచోటే బ్రేక్ కొట్టు. టైర్ల కింద పెట్టిన రాయిని పోయేటప్పుడు తీయమని చెప్పు, రోడ్డు మీద వదిలేసిన ఆ రాయి రాత్రి బైక్‌వాడి ప్రాణం మీదకి వస్తుంది, మనవాళ్ళకి ఈ పాడలవాటు ఎప్పటికి పోతుందో.

ప్రశ్న: అన్నా, లోడుతో ఉన్న ట్రైలర్ విప్పి పెట్టి పోయాం, తెల్లారేసరికి ఒక కాలు తారులో దిగబడి ట్రైలర్ ఒరిగింది. మే నెల ఎండలు. ఎలా విప్పాలి? - విజయవాడ

జవాబు: ఎండకి తారు మెత్తబడుద్ది, కొత్తగా మట్టి పోసిన చోటైతే ఇంకా ఘోరం. కాళ్ళ కింద వెడల్పాటి మందపు చెక్కలు వెయ్యండి, ఇటుకలు కాదు, ఇటుక పగిలిపోద్ది. అన్నిటికంటే ముందు ట్రైలర్ టైర్లకి అడ్డు పెట్టాలి, ఎందుకంటే స్ప్రింగ్ బ్రేకులు (గాలి పోతే స్ప్రింగు బలంతో వాటంతటవే పట్టేవి) లేని పాత ట్రైలర్లలో బ్రేకు పట్టుకునేది ట్యాంకులో గాలితోనే, ఆ గాలి కారిపోయేకొద్దీ బ్రేకులు వదిలేస్తాయి, సాయంత్రం గట్టిగా నిలబడ్డ ట్రైలర్ అర్ధరాత్రి జారొచ్చు. కాళ్ళు నేలకి ఆనాక వాటిని దించే హ్యాండిల్‌ని దాని లో గేర్‌లో ఇంకో నాలుగు చుట్లు తిప్పితే చాలు, ట్రైలర్‌ని ఫిఫ్త్ వీల్ మీంచి పైకి లేపెయ్యొద్దు. పైపులు, కరెంటు వైరు తీశాకే లాక్ హ్యాండిల్ లాగాలి. హ్యాండిల్ రాకపోతే సుత్తి తీసుకోకండి బాబూ, బండిని కొంచెం వెనక్కి ఆనిస్తే దవడల మీద ఒత్తిడి పోయి అదే వస్తుంది. ఇక ముందుకి లాగేటప్పుడు ఒక్కసారిగా పోవద్దు, ఛాసిస్ ఇంకా ట్రైలర్ కిందే ఉండగా ఆపి, దిగి కాళ్ళు చూడండి, కుంగితే కింద ఛాసిస్ ఉంటుంది కాబట్టి ట్రైలర్ దానిమీదే ఆగుతుంది. కాళ్ళు గట్టిగా ఉన్నాయనుకున్నాకే పూర్తిగా బయటికి.

ప్రశ్న: మా బావ డాలస్‌లో క్లాస్ ఏ ట్రక్ లైసెన్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. అక్కడ నీలం పైపు అంటున్నాడు, మన దగ్గర పసుపు కదా అండీ? పైపులు తారుమారైతే ఏమవుద్ది? - ఖమ్మం

జవాబు: రెండు చోట్లా ఎరుపు ఒకటే, ట్రైలర్ ట్యాంకులకి గాలి పంపే లైను. బ్రేకు తొక్కినప్పుడు పనిచేసే లైను అమెరికాలో నీలం, మన కొత్త బండ్లలో పసుపు. తారుమారైతే ట్యాంకులకి గాలి ఎక్కదు, స్ప్రింగ్ బ్రేకులున్న ట్రైలర్ అయితే కదలనే కదలదు, అది మన అదృష్టం. స్ప్రింగ్ బ్రేకులు లేనిదైతే మాత్రం హాయిగా కదులుతుంది, వెనక ఒక్క బ్రేకూ ఉండదు. కదిలే ముందు ఒకసారి ట్రైలర్ బ్రేకు పట్టించి, వదిలి, ఆ గాలి శబ్దం వినమనండి. అక్కడ 2022 ఫిబ్రవరి 7 నుంచి క్లాస్ ఏ కొత్తగా తీసుకునేవాళ్ళకి రిజిస్టర్డ్ స్కూల్లో ట్రైనింగ్ కంపల్సరీ, అయ్యాకే స్కిల్స్ టెస్టుకి రానిస్తారు, కాబట్టి బావని వీడియోలు చూసి నేర్చేసుకున్నా అనొద్దని చెప్పండి.