అరుగు మీద: తెగా? తేగా?

పోయిన నెల ఊరుకోలేక ఒక ముక్క రాశాను, పదమూడు దాటి పద్దెనిమిది నిండని పిల్లలకి తెలుగులో కథలేవీ అని. దాని ఫలితం, ఈసారి ఉత్తరాలన్నీ ఆ మాట మీదే. కార్డులు రెండు, మిగతావన్నీ వాట్సాప్ ఫొటోలు. మనవడు ఫోనులో పెద్దవి చేసి చూపిస్తుంటే కళ్లజోడు సర్దుకుంటూ చదివాను. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు.

ప్రశ్న: మేడమ్, నేను ప్లస్ టూ చదువుతున్నాను. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. బళ్లో ఒడియా, ఇంగ్లీషు. తెలుగు కూడబలుక్కుని చదవగలను, రాయడం రాదు. అయినా ఒక నవల రాస్తున్నాను. మాటలు తెలుగువి, అక్షరాలు ఒడియావి. క్లాసులో ఒకమ్మాయి చూసి ఇదేం భాష అంది. శ్రీకాకుళం నుంచి మా అత్త వచ్చి చూసి "ఇది తెలుగు కాదే" అనీసింది. మరయితే ఇది ఏటి?
– ఒక అమ్మాయి, పర్లాకిమిడి

జవాబు: తెలుగే తల్లీ. నేను చెప్పానని మీ అత్తకి చెప్పు.

నీ ఉత్తరం కూడా ఒడియా అక్షరాల్లోనే వచ్చింది, పైన తెలుగులోకి మార్చి వేశాం. దాంతోపాటు పంపిన మొదటి అధ్యాయాన్ని కళ్లతో చదవబోతే నాకు నాలుగు లైన్లు దాటలేదు. ఒడియా నాకు బాగానే వచ్చు, అందుకే మరీ తికమక. అక్షరం చూడగానే బుర్ర ఒడియా వైపు వెళ్లిపోతుంది, అక్కడ మాట దొరకదు. చివరికి పైకి చదవడం మొదలెట్టాను. రెండో పేజీ మధ్యలో ఉండగా వంటింట్లోంచి మా కోడలు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "ఎవరొచ్చారత్తయ్యా, మామ్మగారెవరో కోప్పడుతున్నారు?" అంది. నీ కథలో మామ్మే! ఇంక అది ఏ భాషో నన్నడక్కు.

చిక్కు లేదని కాదు. ఒడియాకి ఎ ఒకటే, ఒ ఒకటే. మనకి పొట్టివి, పొడుగువి వేరువేరు. నీ కథలో మామ్మ, పెళ్లి సంబంధం మాటొచ్చినప్పుడు, "మా తెగ వేరు" అంటుంది. నీ అక్షరాల్లో అది తెగో తేగో తేల్చే దారి లేదు. నేను తేగ అనే చదివాను. చలికాలం పూట, మా వీధిలో ఉడకబెట్టిన తాటి తేగలు కట్టలు కట్టి అమ్ముతున్న రోజులు. పాపం ఆ ముసలావిడ అంత రోషంగా "మా తేగ వేరు" అంటుంటే నవ్వాపుకోలేకపోయాను. తర్వాత అనిపించింది, ఈ పొరపాటుని దిద్దెయ్యకుండా కథలోకే తెచ్చుకోవచ్చు కదా అని. నీ కథానాయిక నోటుబుక్కు వాళ్ల ఒడియా స్నేహితురాలు చదువుతుంది, తేగ అని చదువుతుంది, అదేంటని అడుగుతుంది. అప్పుడు ఈ పిల్ల తెగ అంటే ఏమిటో చెప్పాలి. చెప్పగలదా? చెప్పబోతే ఎక్కడ ఆగిపోతుంది? ఆ సీను నువ్వు రాస్తే నేను చదవాలి.

లిపి లేకపోతే భాష లేదని ఎవరన్నా అంటే వాళ్లకి మన ఊరి సంగతే చెప్పు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడ రాజావారి బళ్లో పాఠాలు చెబుతూ సవరలనే గిరిజనుల దగ్గర వాళ్ల భాష నేర్చుకున్నారు. అప్పటికి దానికి సొంత అక్షరాలు లేవు. అయినా వ్యాకరణం రాశారు, నిఘంటువు రాశారు. 1931లో ఒకటి, 1938లో ఒకటి అచ్చయ్యాయి. ఈ మధ్యలో 1936లో మంగేయి గమాంగో అనే సవర పెద్దాయన తమ భాషకి సొరంగ్ సొంపెంగ్ అని సొంత లిపి కట్టుకున్నాడు. అదే ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడింది, పర్లాకిమిడి అందులోకి పోయింది. పంతులుగారు ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మీ ముత్తాతలూ మా తాతలూ వెళ్లలేదు. అందుకే నువ్వు ఇలా రాస్తున్నావు, నేను ఇలా పైకి చదువుకుంటున్నాను.

ఇంకొకటి. నీకు బడి తెలుగు రాకపోవడం వల్ల జరిగిన మేలు నీకు తెలిసినట్టు లేదు. "వొచ్చీసినాడు", "ఎల్లిపోనాది", "ఏటవుతాది" అని నువ్వు చెవిన పడ్డది పడ్డట్టు రాశావు. పది దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లయితే తనకి తానే ఎర్రసిరా పట్టుకుని దిద్దేసుకునేది. మాట్లాడే తెలుగులో రాయండర్రా అని పంతులుగారు జన్మంతా పోట్లాడింది దీని గురించే. తెలుగు అక్షరాల్లోకి మార్చుకోవాలంటే అక్షరముఖ లాంటివి ఉచితంగా దొరుకుతాయి, కంప్యూటరులో మన లిపులన్నీ ఇంచుమించు ఒకే వరసలో సర్ది ఉన్నాయి గనక చిటికెలో మారిపోతుంది. ఎ, ఏ, ఒ, ఓ మాత్రం నువ్వే దిద్దుకోవాలి. ఒక్కదానివీ కూర్చోకు. మీ మామ్మని పక్కన పెట్టుకుని పైకి చదువు. తప్పు చదివితే ఆవిడే తిడుతుంది.

ఇప్పుడు నా తిట్లు. నాలుగో పేజీలో ఆ పిల్ల అద్దం ముందు నిలబడి "నేను తెలుగా, ఒడియానా, అసలు నేనెవర్ని?" అని కన్నీళ్లు పెట్టుకుంటుంది. కొట్టెయ్. అలా పుస్తకాల్లోనే అడుగుతారు. ఏడో పేజీలో ఒడియావాళ్ల చద్దన్నం పఖాళ, మన తరవాణి రెండూ వర్ణించి వదిలేశావు. తిండి పేర్లు చెప్పేస్తే మనుషులెవరో చెప్పేసినట్టే అనుకునే జబ్బు ఈమధ్య అందరికీ పట్టింది, నీకెందుకు? ఆరో పేజీలో హాజరు పట్టీ ఉంది చూడు, అది బంగారం. తండ్రి పేరు చివర రావు ఉంది గనక బళ్లో వేసినవాళ్లు దాన్నే ఇంటిపేరు చేసేశారు. అసలు ఇంటిపేరు ముందు ఒక పొట్టి అక్షరంగా మిగిలి, తర్వాత అదీ పోయింది. టీచరు "రావ్!" అనగానే క్లాసులో ముగ్గురు లేచి నిలబడతారు, అందులో ఇద్దరు జడలేసుకున్న ఆడపిల్లలు. నువ్వు దాన్ని రెండు లైన్లలో తోసేశావు. రెండు పేజీలు రాయి. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు ఎలా చూసుకున్నారో రాయి.

ప్రశ్న: టీనేజ్ నవలల్లో హీరోకి అమ్మానాన్న ఎందుకుండరు? మొదటి పేజీలోనే చచ్చిపోతారెందుకు?
– పదో తరగతి, గుణుపురం

జవాబు: అడ్డం గనక బాబూ! అమ్మ ఉంటే అర్ధరాత్రి ఎవడు గడప దాటగలడు? చెప్పులు వెతుక్కునేలోపే "ఎక్కడికిరా" అంటుంది. పిల్లవాడు సొంతంగా ఏదైనా చెయ్యాలంటే పెద్దవాళ్లని తప్పించాలి, ప్రమాదంలో పంపేయడం రచయితకి సులువు.

మనకి అది పనికిరాదు. ఇద్దర్ని చంపితే మేనత్త దిగుతుంది, బాబాయి దిగుతాడు, మామ్మ ఎలాగూ ఉండనే ఉంది. నువ్వు రాసేటట్టయితే ఎవర్నీ చంపకుండా రాసి చూడు. నౌపడాలో మీ రైలెక్కించు కుర్రాణ్ని. 1900లో చిన్న రైలుగా పర్లాకిమిడి దాకా మొదలై, తర్వాత మీ ఊరిదాకా వచ్చిన లైనది. ఇంట్లో చెప్పకుండా పారిపోతున్నాడనుకో. కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన వాడి పేరు అడగడు. "ఎవరి తాలూకురా?" అంటాడు. ఇక్కడ అందరూ అడిగేదదే. వాడు అబద్ధం చెబుతాడు. ఆ అబద్ధానికి ఎవరి ఇంటిపేరు వాడుకుంటాడో, ఆ ఇంటివాళ్లు అదే పెట్టెలో ఉన్నారో లేదో, మిగతాది నువ్వు చూసుకో.

ప్రశ్న: మా వాడికి పద్నాలుగేళ్లు. ఇంగ్లీషు టీనేజ్ నవలలు తెగ చదువుతున్నాడు. వాటిల్లో పిల్లలు కన్నవాళ్లని లెక్కచెయ్యరు. ఈమధ్య వీడూ గది తలుపు వేసుకుంటున్నాడు. కుటుంబ విలువలున్న తెలుగు పుస్తకాలు చెప్పగలరు.
– ఒక తండ్రి, రాయగడ

జవాబు: తలుపు వేసుకోడానికి నవల అక్కర్లేదండీ, పద్నాలుగేళ్లు చాలు. ఆ వయసులో మీరు వేసుకోలేదంటే మీ ఇంట్లో తలుపున్న గది మీకు లేకపోయి ఉంటుంది.

నాకూ లేదు. నాకు అటక ఉండేది. మా అమ్మ వారపత్రికల్లో సీరియల్ పేజీలు కత్తిరించి, వరస పెట్టి, దబ్బనంతో కుట్టి, పాత కేలెండరు అట్ట వేసి అటక మీద దాచేది. పదిహేనో ఏట నేను నిచ్చెనేసుకుని ఎక్కి, చింతపండు కుండల పక్కన కూర్చుని అవన్నీ చదివేశాను. ఎవరెవరో ఎరువు పట్టుకెళ్లి తేవడంలో చాలావాటికి చివరి వారాలు ఊడిపోయాయి. అంచేత పెళ్లయిందో లేదో ఈరోజుకీ నాకు తెలియని హీరోయిన్లు ఏడెనిమిది మంది ఉన్నారు. అవి నా వయసువాళ్ల కోసం రాసినవి కావు. కాని అంతకుముందు చదివింది చందమామ. అది 1947 జూలైలో మొదలైంది, పక్కింటి ఒడియా పిల్లలకి అదే జహ్నమాము పేరుతో వచ్చేది, బొమ్మలు పక్కపక్కన పెట్టి చూసుకునేవాళ్లం. దానికీ అమ్మ సీరియళ్లకీ మధ్య చేతికందే మెట్టు ఒక్కటీ లేదు. అమెరికాలో గ్రంథాలయ సంఘంవాళ్లు 1957లోనే ఈ వయసు పాఠకుల కోసం విడిగా ఒక విభాగం పెట్టుకున్నారు. మన దగ్గర ఇప్పటికీ బాలసాహిత్యం బీరువా పక్కన పెద్దవాళ్ల బీరువాయే. మీవాడు ఇంగ్లీషు వైపు పోవడంలో వాడి తప్పేం లేదు.

కుటుంబ విలువల పుస్తకం చెప్పమన్నారు. చెప్పను. మీరు బల్ల మీద పెడతారు, వాడు దాని మీద ఫోను పెడతాడు. ఒక పని చెయ్యండి. వాడు చదువుతున్న పుస్తకంలో కథేంటో చెప్పమనండి, భోజనాల దగ్గర, తెలుగులో. మొదటి రోజు రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. రెండో రోజూ అడగండి. ఆ కథల్లో పిల్లలకి ఒక శిక్ష ఉంటుంది, గ్రౌండెడ్ అని. వారం పాటు ఇల్లు కదలకూడదు. దాన్ని మీవాడు తెలుగులో ఏమని చెబుతాడో వినాలని నాకు మహా కుతూహలం. ఇంట్లో ఉండమనడం మనకి శిక్ష ఎప్పుడయింది? లేక మీ ఇంట్లో అయిందేమో, అదీ వాడి మాటల్లోనే తెలుస్తుంది. మాట దొరక్క ఆగినచోట మీరు అందించకండి.

ప్రశ్న: మా అమ్మ ఒడియా, నాన్న తెలుగు. నా కథలో అమ్మాయిదీ అంతే. చివర్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి కదా, లేకపోతే ముగింపెలా?
– తొమ్మిదో తరగతి, జయపురం

జవాబు: ఎవరడిగారమ్మా ఎంచుకోమని? జనాభా లెక్కలవాళ్లు సైతం మాతృభాష రాసుకున్నాక, వచ్చిన భాషలు ఇంకో రెండు చెప్పమంటారు. నీ కథ ఆ ఫారం కన్నా ఇరుగ్గా ఎందుకుండాలి? ముగింపు వేరేచోట వెతుకు. మీ ఇంట్లో ఉగాది పచ్చడి ఒకరు చేస్తారు, ఒడియావాళ్ల కొత్త సంవత్సరం పణా సంక్రాంతికి బేలు (మారేడు) పానకం ఒకరు చేస్తారు. ఆ రెండు పండగల మధ్య రోజుల్లో వంటింట్లో ఎవరు ఎవరితో ముభావంగా ఉంటారో కనిపెట్టి రాయి.

ప్రశ్న: అమ్మా, నాకు డెబ్బై ఎనిమిది. కుర్రతనంలో ఒక సీటు కోసం ఫారంలో మాతృభాష దగ్గర ఒడియా అని రాశాను. మా నాన్నగారికి చెప్పలేదు, ఆయన తెలియకుండానే పోయారు. ఒకరోజు మనవరాలి దగ్గర నోరుజారాను. ఆ పిల్ల అది నవలలో పెట్టేసి, ఇప్పుడు అచ్చు వేసుకోనా తాతా అని అడుగుతోంది. ఏం చెప్పను?
– ఒక తాత, బరంపురం

జవాబు: వేసుకోమనండి. అయితే ముందు ఆ పేజీలు మీకు చదివి వినిపించమనండి. అందులో మీరు భాషని అమ్ముకున్నవాడిలా ఉన్నా, బతుకు కోసం త్యాగం చేసినవాడిలా ఉన్నా ఒప్పుకోకండి. రెండిట్లో ఏదున్నా ఆ పిల్లకి సంగతి పూర్తిగా తెలియలేదన్నమాట. పేరు మార్చమంటే మారుస్తుంది, కాలేజీ మార్చమంటే మారుస్తుంది, మొహమాటపడకుండా అడగండి. నాకు మాత్రం మీరు మార్చమనే వాటికన్నా ఇంకా చెప్పనివే ఎక్కువ ఉన్నాయనిపిస్తోంది. ఆ ఫారం ఎక్కడ కూర్చుని నింపారు, అరుగు మీదా, కిటికీ దగ్గర నిలబడా? కలం ఎవరిది? ఆ గడి దగ్గర ఎంతసేపు ఆగారు? రాత్రి నాన్నగారి పక్కన భోజనానికి కూర్చున్నప్పుడు ఆయన ఏమడిగారు, మీరేమన్నారు? ఇవన్నీ పిల్లకి చెప్పండి.

ఒకటి నాకూ రాయండి, కార్డు ముక్క చాలు. ఒడియా అని రాసిన ఆ కాగితం అడుగున సంతకం ఏ అక్షరాల్లో పెట్టారు?